కారు ఏసీలో ముక్కిపోయిన వాసన: కొత్త ఫిల్టర్ వేశాక కూడా ఎందుకు పోలేదంటే

జూన్ 11 ఉదయం ఆఫీసుకి బయల్దేరుతూ ఏసీ వేయగానే గుప్పుమని ఒక వాసన కొట్టింది. తడి బట్టలు రెండు రోజులు బకెట్లో అలాగే వదిలేస్తే వస్తుందే, అచ్చం అదే. పది పదిహేను క్షణాల్లో తగ్గిపోయింది. ముందురోజు రాత్రి వాన పడింది, బయటి వాసనేదో లోపలికి వచ్చి ఉంటుందిలే అనుకుని వదిలేశాను. ఆగస్టు 2 దాకా ఆ వాసనతోనే వేగాల్సి వస్తుందని అప్పుడు నాకు తెలియదు.

నాకు కార్ల గురించి పెద్దగా తెలియదు. మాది మూడేళ్ల కారు, 38,000 కిలోమీటర్లు తిరిగింది. ఆయిల్ మార్పించడం, టైర్లలో గాలి చూసుకోవడం తప్ప డ్యాష్‌బోర్డు వెనకాల ఏముంటుందో ఏనాడూ ఆలోచించలేదు. ఈ వాసన గురించి ఎవరిని అడిగినా "క్యాబిన్ ఫిల్టర్ మార్చేయండి, పోతుంది" అనే చెప్పారు. కారు లోపలికి వచ్చే గాలిని వడకట్టేది ఆ ఫిల్టరే. మార్చాను. పోలేదు. ఆ ఫిల్టర్ నిజంగా మార్చాల్సిందే, కానీ అన్నిటికంటే చివర మార్చాలి. ఆ సంగతి తెలిసేసరికి ఒక కొత్త ఫిల్టర్ పాడైంది, చాలా డబ్బు పోయింది, అమ్మ చాలా ఇబ్బంది పడింది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మొదటి వారం వాసన పొద్దున మాత్రమే వచ్చేది. రెండో వారానికి, ఎండలో నిలిపి మళ్లీ ఎక్కిన ప్రతిసారీ రావడం మొదలైంది. ఏసీ వేసిన మొదటి నిమిషం బాగా ఘాటుగా ఉండి, కారు చల్లబడేకొద్దీ తగ్గేది. ఏసీ ఆపి ఫ్యాన్ ఒక్కటే తిప్పితే మాత్రం రెండు మూడు నిమిషాల్లో ఇంకా ఎక్కువయ్యేది. ఈ రెండు గుర్తులూ కళ్ల ముందే ఉన్నా వాటి అర్థం నాకు తెలియలేదు. వెనక సీటు కింద పాప ఆటల బూట్లు కనిపిస్తే వాసన వాటిదేనని తనని గట్టిగా కోప్పడ్డాను. బూట్లు తీసేశాక కూడా వాసన అలాగే ఉంది. "నేను చెప్పానుగా, నావి కాదని" అని పాప రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఇవన్నీ తేలాక తనని కూర్చోబెట్టి సారీ చెప్పాను. ఆ మాట ఇంకా ముందే చెప్పి ఉండాల్సింది.

జూన్ 20న ఏసీ గ్రిల్‌కి తగిలించే పెర్ఫ్యూమ్ కొన్నాను. వారం తర్వాత ఇంకొకటి. దయచేసి ఈ పని మాత్రం చేయకండి. ముక్కిపోయిన వాసనకి పూల వాసన తోడైతే రెండూ కలిసి మూడో వాసన తయారవుతుంది, అది కడుపులో తిప్పేస్తుంది. మా అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యాక వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్తున్నాను, వెళ్లడానికి 40 నిమిషాలు. అమ్మ దేనికీ ఫిర్యాదు చేసే మనిషి కాదు. దారిలో రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "కాస్త అద్దం దించుకోనా తల్లీ?" అని మాత్రం అడిగేది. జూలై 1న సగం దారిలో కారు పక్కకి ఆపమంది. డోరు తీసి, కుట్లు పడిన కాలు బయటికి చాపి, రోడ్డు పక్కనే వాంతి చేసుకుంది. నేను వీపు నిమురుతుంటే, "కారు వల్ల కాదులే, పొద్దున వేసుకున్న మాత్ర పడలేదేమో" అంది. నేను బాధపడతానని అలా అంటోందని తెలుస్తూనే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జూలై 3 ఉదయం తొమ్మిదింటికి కారు సర్వీసుకి ఇచ్చాను. సాయంత్రానికి ఇచ్చేస్తామన్నారు, మర్నాడు సాయంత్రం ఆరుకి ఇచ్చారు. అమ్మని ఆ రోజు అద్దె కారులో తీసుకెళ్లాను. బిల్లులో పరీక్ష చేసినందుకు ఒకటి, ఏసీ క్రిమిశుద్ధికి ఒకటి, లేబర్‌కి ఒకటి, మొత్తం మూడు వరసలు ఉన్నాయి. ఫిల్టర్ గురించి అడిగితే "చూశాం మేడమ్, బాగానే ఉంది" అన్నారు. తర్వాత లెక్క వేసుకుంటే ఆ బిల్లుతో ఆరు ఫిల్టర్లు వచ్చేవి. రెండు రోజులు కారంతా నిమ్మకాయ వాసన వేసింది. మూడో రోజు ఆ నిమ్మకాయ వాసన కింద నుంచి పాత వాసన మళ్లీ తలెత్తింది. ఫోన్ చేస్తే, వానలప్పుడు అన్ని కార్లకీ కొంచెం ఉంటుందన్నారు. అదే కారు పోయినేడు వానల్లో బాగానే ఉంది కదా అంటే అవతల జవాబు లేదు.

జూలై 12 శనివారం. మధ్యాహ్నం పార్కింగ్‌లో కూర్చుని మాన్యువల్ తీశాను. అందులో క్యాబిన్ ఎయిర్ ఫిల్టర్‌కి ఒక పేజీ మొత్తం ఉంది. మా కారుకి ప్రతి 15,000 కిలోమీటర్లకీ, దుమ్ము ఎక్కువైతే ఇంకా ముందే మార్చాలని రాసి ఉంది. మూడేళ్లుగా ఆ పేజీ నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

గ్లవ్ బాక్స్ ఖాళీ చేసి, దాని రెండు పక్క గోడల్నీ లోపలికి నొక్కితే అది పూర్తిగా కిందికి వాలింది. ముందుగా కుడి పక్కన ఒక చిన్న ప్లాస్టిక్ చేయి ఉంటుంది, దాన్ని కొక్కెం నుంచి తప్పించాలి. అది చూడకుండా లాగితే విరుగుతుంది, నాది విరగడానికి వెంట్రుకవాసి దూరంలో ఆగింది. వెనకాల పొడుగ్గా ఒక మూత, దానికి రెండు వైపులా క్లిప్పులు. మొదటిసారి ఇదంతా విప్పడానికి నాకు 25 నిమిషాలు పట్టింది. ఇప్పుడు నాలుగు నిమిషాల్లో అయిపోతోంది. మీ కారులో ఫిల్టర్ ఇక్కడే ఉండాలని లేదు. కొన్నిట్లో బానెట్ తీస్తే ముందు అద్దం కింద ఉంటుంది, కొన్నిట్లో డ్యాష్‌బోర్డు కింద కాళ్ల దగ్గర ఉంటుంది. విప్పడం మొదలుపెట్టేముందు మాన్యువల్ చూడండి.

ఫిల్టర్‌ని సొరుగు లాగినట్టు బయటికి లాగాను. దానితో పాటు ఎండుటాకుల పొడి ఒడిలో రాలింది. పై వైపు బూడిద రంగు కాదు, నలుపు. మడతల మధ్య వేప గింజంత మట్టి ఉండలు, ఒక దోమ రెక్క, సన్నటి వెంట్రుకలు, ఈనె మాత్రమే మిగిలిన ఒక ఆకు. ఒక మూల నుంచి లోపలి దాకా తడి మరక పాకి, ఎండి, అంచున పసుపు గీత కట్టింది. ఆ గీత వెంట ఆవగింజల్లాంటి నల్లటి చుక్కలు. బూజు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నెల రోజులుగా నేను పీలుస్తున్న వాసన, పాప పీలుస్తున్న వాసన, అమ్మని రోడ్డు పక్కన కూర్చోబెట్టిన వాసన అదే. "చూశాం, బాగానే ఉంది" అన్న మాట గుర్తొచ్చి చేతులు వణికాయి. ఆ ఆకుని చూసిన వాళ్లెవరూ బాగానే ఉందని అనలేరు.

దాన్ని సబ్బు నీళ్లతో కడిగి ఎండబెడదాం అన్నారు మా ఆయన. వద్దన్నాను. ఈ ఫిల్టర్ పొరలు చూడ్డానికి మందపాటి కాగితంలా ఉంటాయి కానీ గుడ్డ కాదు, సన్నటి పీచు. చాలా ఫిల్టర్లలో ఆ పీచుకి కొంచెం విద్యుదావేశం కూడా ఇచ్చి ఉంటారు, సన్న దుమ్ముని లాగి పట్టేది అదే. కడిగితే ఆ గుణం పోతుంది. గట్టి గాలి కొడితే పీచు చిరుగుతుంది. ఉతికి వాడుకోవచ్చని ప్యాకెట్ మీద స్పష్టంగా రాసి ఉంటే తప్ప పారేయడమే మంచిది.

కొత్తది ఆర్డర్ పెడితే నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ ఫిల్టర్ గూడు ఖాళీగా ఉంచి, ఏసీ వేయకుండా అద్దాలు దించి నడిపాను. గూడు ఖాళీగా ఉన్నప్పుడు బ్లోయర్, అంటే ఏసీ ఫ్యాన్, ఎక్కువ తిప్పకూడదు, ఆకులూ చెత్తా నేరుగా లోపలికి పోతాయి. రెండో రోజు ఒక్క నిమిషం తిప్పి చూశాను. వాసన సగం తగ్గింది. సగమే. ఫిల్టర్ కారులోనే లేదు, ఇంట్లో చెత్తబుట్ట పక్కన కవర్లో ఉంది. మరి ఆ మిగతా సగం ఎక్కడిది? ఆ ప్రశ్న అప్పుడే వేసుకుని ఉంటే నాకు ఒక ఫిల్టర్ ఖరీదూ రెండు వారాలూ మిగిలేవి. పాత ఫిల్టర్ వాసనే ఇంకా పోలేదనుకున్నాను.

జూలై 16 బుధవారం కొత్త ఫిల్టర్ వచ్చింది. వీటిలో మామూలు తెల్లవి, కార్బన్ కలిపిన నల్లవి అని రెండు రకాలున్నాయి. నేను కార్బన్ది తీసుకున్నాను, మామూలు దాని కంటే ఖరీదు దాదాపు రెట్టింపు. పెట్టేటప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఫ్రేము మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి ఎటు నుంచి ఎటు పోతుందో అటు ఆ బాణం చూపించాలి. లోపల గాలి పైనుంచి కిందికి పోతుందో కింద నుంచి పైకి పోతుందో నాకేం తెలుసు? పాత ఫిల్టర్ ఫొటో చూశాక తెలిసింది. దుమ్ము ఏ వైపు పట్టిందో గాలి ఆ వైపు నుంచే వస్తోందన్నమాట. మా దానికి పై వైపు నల్లబడింది, కాబట్టి బాణం కిందికి ఉండాలి. పాతది తీసేముందు అది ఉన్న చోటే ఒక ఫొటో తీసి పెట్టుకోండి, చాలా పనికొస్తుంది.

నాలుగు రోజులు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. గురువారం ఫిజియోథెరపీకి వెళ్తూ అమ్మ రుమాలు తీయలేదు. గాలి కూడా ముందుకంటే గట్టిగా వస్తోంది, ఫ్యాన్ మూడులో పెట్టే చోట రెండు చాలింది. అందరికీ ఫోన్ చేసి సమస్య తీరిపోయిందని చెప్పాను.

జూలై 21 సోమవారం ఉదయం ఏసీ వేయగానే మళ్లీ అదే వాసన. మొదట నమ్మలేదు. ఆపి మళ్లీ వేశాను. అదే. స్టీరింగ్ మీద తల వాల్చి కొంతసేపు అలాగే ఉండిపోయాను. ఇంత చిన్న విషయానికి ఏడుపొస్తుందా అని మీకు అనిపించవచ్చు. కానీ రోజూ గంటన్నర ఆ పెట్టెలో కూర్చునే మనిషికి, పక్కన అమ్మని కూర్చోబెట్టుకునే మనిషికి అది చిన్నది కాదు.

బుధవారం రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడికి చిన్నప్పటి నుంచి బండ్లంటే పిచ్చి. నేను చెప్పిందంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "అక్కా, ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నీళ్లు కారుతున్నాయా?"

ఎప్పుడూ చూడలేదన్నాను. "ఇప్పుడే వెళ్లి చూడు. పావుగంట ఏసీ వేసి ఉంచి, కింద టార్చి వేసి చూడు."

ఫోన్ పట్టుకునే కిందికి దిగాను. మా కారు ఆరుబయటే ఉంటుంది కాబట్టి ఇంజన్ నడపడానికి భయం లేదు. మూసి ఉన్న గ్యారేజీలో మాత్రం ఆ పని చేయకూడదు, పొగ ప్రాణాంతకం. పావుగంట అయ్యాక వంగి చూశాను. నేల పొడిగా ఉంది. అప్పుడే వచ్చి ఆగిన పక్క కారు కింద మాత్రం అరచేతి వెడల్పున నీళ్ల మరక ఉంది. ఆ సంగతి వాడికి చెప్పాను. "ఆ నీళ్లు ఎక్కడికో పోవాలి కదక్కా. ముందు ఎడమ సీటు దగ్గర మ్యాట్ ఎత్తి, కింద కార్పెట్ నొక్కి చూడు" అన్నాడు.

రబ్బరు మ్యాట్ ఎత్తాను. కార్పెట్ పైకి చూడ్డానికి మామూలుగానే ఉంది. అరచేత్తో గట్టిగా నొక్కితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు పైకి వచ్చాయి. చేయి వాసన చూసుకున్నాను. ఇక అడగాల్సిందేమీ లేదు.

తమ్ముడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. ఏసీ నడిచేటప్పుడు డ్యాష్‌బోర్డు లోపల కూలింగ్ కాయిల్ ఒకటి బాగా చల్లబడుతుంది. ఐస్ నీళ్ల గ్లాసు బయట చెమట పట్టినట్టే, గాలిలోని చెమ్మ ఆ కాయిల్ రేకుల మీద నీళ్లుగా మారుతుంది. ఆ నీళ్లు కింద పళ్లెంలో చేరి, డ్రెయిన్ పైపు గుండా రోడ్డు మీదికి పోవాలి. పైపు మూసుకుపోతే నీళ్లు అక్కడే నిలుస్తాయి. చీకటి, తడి, పైనుంచి వచ్చిన దుమ్ము కలిస్తే కాయిల్ మీద బూజూ బాక్టీరియా పెరుగుతాయి, జిగురు పొర కడుతుంది. నీళ్లు మరీ ఎక్కువైతే లోపలికి పొర్లి కార్పెట్ కిందికి చేరతాయి. ఫ్యాన్ ఒక్కటే తిప్పితే వాసన ఎందుకు ఎక్కువయ్యేదో అప్పుడు అర్థమైంది. కాయిల్ చల్లదనం పోయి, దాని మీది తడి ఆవిరై వాసనని మోసుకొస్తోందన్నమాట. ఫిల్టర్ ఆ చెమ్మలో పక్కనే కూర్చుని తనూ ముక్కిపోయింది. నేను ఫిల్టర్ని మాత్రమే మార్చి, దాన్ని పాడు చేసినదాన్ని అలాగే వదిలేశాను.

జూలై 26 శనివారం ఇంటి దగ్గరి చిన్న గ్యారేజీకి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ పెద్దాయన నేను చెప్పింది చివరిదాకా విన్నాడు. నిజం చెప్పాలంటే ఆ వినడానికే నాకు సగం ధైర్యం వచ్చింది. కారుని పైకి లేపి, ఇంజన్ గదికీ క్యాబిన్‌కీ మధ్య గోడ దగ్గర వేలంత లావు రబ్బరు గొట్టం చూపించాడు. "ఇదే మేడమ్, ఇక్కడ నుంచి చుక్కలు పడాలి." కింద ఒక డబ్బా పెట్టి గొట్టం చివర నొక్కాడు. ఏమీ రాలేదు. ఇనప తీగ పెడతారేమో అనుకున్నాను. "తీగ పెడితే లోపల కాయిల్‌కి తగిలి చిల్లు పడొచ్చు, అప్పుడు గ్యాస్ పోతుంది, ఖర్చు ఎక్కడికో పోతుంది" అని మెత్తటి నైలాన్ తాడు కొస కొద్దికొద్దిగా లోపలికి పంపుతూ తిప్పాడు. రెండు నిమిషాలకి వేలి కణుపంత నల్లటి ముద్ద జారి డబ్బాలో పడింది. వెంటనే ధార. నీళ్లలా లేదు, చిక్కటి టీ డికాక్షన్ రంగులో ఉంది. ఆగకుండా కారి లీటరు డబ్బా నిండి, ఇంకో డబ్బా పెట్టాల్సి వచ్చింది. గ్యారేజీలో పక్కవాళ్లు కూడా ముక్కు మూసుకున్నారు. ఆ ముద్దని పుల్లతో విప్పి చూశాడు. కుళ్లిన ఆకుల గుజ్జు, మట్టి, పీచు.

ఆకులు అక్కడికెలా వచ్చాయి? బయటి గాలి లోపలికి వచ్చే దారి ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరి జల్లెడలో ఉంటుంది. నేను రోజూ చెట్టు కింద పార్క్ చేస్తాను. పెద్ద ఆకుల్ని జల్లెడ ఆపుతుంది, నలిగిన పొడి మాత్రం వాన నీళ్లతో లోపలికి జారుతుంది. ఇప్పుడు ఆదివారం ఆదివారం ఆ జల్లెడ చేత్తో ఏరి శుభ్రం చేస్తున్నాను, ఐదు నిమిషాల పని.

ఆ తర్వాత కాయిల్‌కి ఫోమ్, అంటే మురికిని కడిగే నురగ, కొట్టారు. దీనికి ముందు ఫిల్టర్ తీసేయాలి. నా కొత్త కార్బన్ ఫిల్టర్ ఆయనే తీసి, వాసన చూసి నా చేతిలో పెట్టాడు. పది రోజుల ఫిల్టర్. కింది అంచు చెమ్మగా ఉంది, పాత వాసన పట్టేసింది. కార్బన్ గాలిలోని వాసన అణువుల్ని కొంతవరకు పట్టి ఉంచగలదు కానీ, పక్కనే పెరుగుతున్న బూజుని చంపలేదు. "డ్రెయిన్, తర్వాత కాయిల్, తర్వాత కార్పెట్ ఎండాలి, ఆఖరున ఫిల్టర్. మీరు ఆఖరు దాంతో మొదలుపెట్టారు మేడమ్" అన్నాడు. దెప్పుతూ కాదు, మెల్లగా. డ్రెయిన్ తెరవకుండా ఫోమ్ కొడితే ఆ ద్రవం కూడా బయటికి పోలేక కార్పెట్‌లోకే వచ్చేదట.

ఫోమ్‌ని సన్నటి గొట్టంతో కాయిల్ మీదికి పంపారు. బ్లోయర్ మోటారుకీ కరెంటు కనెక్షన్లకీ తగలకుండా చూడాలన్నాడు, అందుకే నేను సొంతంగా చేసుకోనందుకు సంతోషించాను. 20 నిమిషాలు అలా వదిలేశారు. నురగ కరిగి, ఇప్పుడు తెరుచుకున్న డ్రెయిన్ నుంచి మురికి నురగగా కింద పడింది. మొదట గోధుమ రంగు, రెండోసారి కొట్టాక బూడిద రంగు, చివర్లో దాదాపు తెలుపు. తర్వాత నాలుగు డోర్లూ తీసి ఫ్యాన్ ఫుల్‌లో పదిహేను నిమిషాలు. అంతా కలిపి రెండున్నర గంటలు పట్టింది. ఖర్చు రెండు ఫిల్టర్లంత, అంటే మొదటి సర్వీసు బిల్లులో మూడో వంతు.

కూర్చున్నప్పుడు వేరే వాసనల గురించి కూడా ఆయన చెప్పాడు. ఇక్కడ రాయడం అవసరమనిపించింది. తియ్యటి వాసన వస్తూ అద్దం లోపలి వైపు జిడ్డుగా మసకబారుతుంటే కూలెంట్ (ఇంజన్‌ని చల్లగా ఉంచే ద్రవం) కారుతోందేమో చూపించాలి. పెట్రోలు వాసనో, వైరు కాలిన వాసనో వస్తే ఫిల్టర్ సంగతి ఆలోచించకుండా బండి పక్కకి ఆపేయాలి. ఓజోన్ మెషిన్ పెట్టిస్తే ఒక్క గంటలో పోతుందని ఎవరో చెప్పారని అడిగాను. కార్పెట్ తడిగా ఉండగా అది దండగ అన్నాడు. పైగా ఓజోన్ ఊపిరితిత్తులకి మంచిది కాదు, పెట్టినంతసేపూ కారులో ఎవరూ ఉండకూడదు, తర్వాత చాలాసేపు గాలి ఆడనివ్వాలి.

అన్నిటికంటే విసుగు పుట్టించింది కార్పెట్. అది పైన పలచగా ఉంటుంది కానీ కింద రెండు వేళ్ల మందాన స్పాంజి ఉంటుంది, నీళ్లన్నీ పీల్చుకునేది అదే. పైపైన తుడిస్తే ఆరినట్టు కనిపించి మోసం చేస్తుంది. డోరు దగ్గరి ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి, కార్పెట్ అంచు ఎత్తి, కింద చెక్క ముక్క పెట్టాం. పాత తువాళ్లు పరిచి పైన నిలబడి తొక్కడం, పిండడం, మళ్లీ పరచడం. మొదటి రోజు తొమ్మిది సార్లు పిండాం. పాప ఆ పని నాతో సమానంగా చేసింది. తర్వాత టేబుల్ ఫ్యాన్ పెట్టి, పగలంతా డోరు తీసి ఉంచాం. ఒక రోజు చాలనుకున్నాను, నాలుగు రోజులు పట్టింది. జూలై 30 రాత్రి పొడి కాగితం కింద దూర్చి అరగంట బరువు పెట్టి తీస్తే, కాగితం తడవలేదు.

ఆగస్టు 2 శనివారం రెండో ఫిల్టర్ వచ్చింది. ఈసారి మామూలు తెల్లది తీసుకున్నాను. వాసన మూలమే పోయాక కార్బన్ దేనికని అనిపించింది. ఇప్పుడు చూస్తే ముందు లారీ వెళ్తున్నప్పుడు పొగ వాసన కొంచెం లోపలికి తెలుస్తోంది, అమ్మకి దగ్గొస్తోంది. వచ్చేసారి కార్బన్దే వేస్తాను. దాని అసలు పని అదే. ఫ్రేము అంచున మార్కర్‌తో తేదీ, కిలోమీటర్లు రాసి లోపలికి తోశాను.

నా అలవాట్లలో రెండు మారాయి. ఇదివరకు బయటి దుమ్ము రాకూడదని ఎప్పుడూ లోపలి గాలే తిరిగేలా బటన్ నొక్కి ఉంచేదాన్ని, అందువల్ల చెమ్మ లోపలే ఉండిపోయేది. ఇప్పుడు ట్రాఫిక్ లేనప్పుడు బయటి గాలి తెరుస్తున్నాను. ఇంకొకటి, ఇల్లు చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపేసి, ఫ్యాన్ మాత్రం గట్టిగా తిప్పుతున్నాను. కాయిల్ మీది తడి ఆరిన తర్వాతే కారు ఆగుతుంది. చివరి రెండు నిమిషాలు కాస్త ఉక్కగా ఉంటుంది, అంతే. కారు దిగాక ఒకసారి వంగి కింద నీటి చుక్కలు చూడటం కూడా అలవాటైపోయింది. ఆ తడి మరక కనిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది.

సెప్టెంబర్ 13న ఫిల్టర్ మళ్లీ తీసి చూశాను. పై వైపు లేత బూడిద రంగు, రెండు ఆకు ముక్కలు, ఎక్కడా తడి మరక లేదు. ముక్కుకి ఆనించి పీల్చాను. పొడి కాగితం వాసన.

అమ్మ ఇప్పుడు అద్దం దించమని అడగట్లేదు. ఫిజియోథెరపీ నుంచి తిరిగొచ్చేటప్పుడు అలసిపోయి నిద్రపోతోంది. మొన్న మా వీధి మలుపుకి కాస్త ముందు, రోజూలాగే ఏసీ ఆపి ఫ్యాన్ పెంచాను. ఆ చప్పుడికి కళ్లు తెరవకుండానే అడిగింది, "ఇల్లొచ్చేసిందా తల్లీ?"